ఏడు నిమిషాల కుర్చీ

ఆ ఆదివారం అన్నపూర్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా వంట ముగించుకుని, పదిన్నరకు హాల్లో ఉన్న పేము కుర్చీలో కూర్చోవాలి. ఏడు నిమిషాలు లేవకూడదు. అంతే. పెళ్ళయిన పాతికేళ్ళలో ఆవిడ ఇంతకంటే పెద్ద కోరికలు కోరింది. అవేవీ తీరలేదు గనక ఈసారి కొలత తగ్గించుకుంది.

ఏడు నిమిషాలే ఎందుకంటే, పాట నిడివి అంత. కోఠీలో ఆవిడతో కలిసి బీఏ చదివిన నళిని ఇప్పుడు సింగపూర్‌లో ఉంటోంది. కిందటి దసరాకు వచ్చినప్పుడు వంటింటి గట్టు మీద అరచేతంత టేపురికార్డరు పెట్టి, "మీ మేనత్త నేర్పిన దంపుడు పాట ఒకటి పాడేదానివే, అది పాడు" అంది. అన్నపూర్ణ పప్పు ఉడికే లోపల పాడేసింది. నళిని టేపు పట్టుకుని వెళ్ళిపోయింది. మొన్న ఉత్తరం రాసింది. అక్కడి తెలుగువాళ్ళు కొందరు కలిసి ఇంటర్నెట్టులో రేడియో పెట్టారట. ఆదివారం మన టైము పదిన్నరకు నీ పాట వేస్తున్నాం, ఒక్కసారే వేస్తాం, తప్పకుండా విను అని. అన్నపూర్ణ తన గొంతు తాను ఎప్పుడూ వినలేదు. ఆ ఇంట్లో మిగిలినవాళ్ళు కూడా "అన్నం వడ్డించాను" అన్నప్పుడు తప్ప విన్నది లేదు.

ఉత్తరం ఆవిడకే వచ్చింది గాని పథకం మాత్రం భర్త చేతిలో పడింది. విశ్వేశ్వరరావు ఇన్సూరెన్సు ఆఫీసులో సెక్షన్ హెడ్డు. సంక్రాంతి వెళ్ళాక కంప్యూటరు కొన్నాడు. అప్పట్నుంచి ఏ పని అయినా రెండు మెట్లు ఎక్కువ ఎక్కి చేస్తే గాని ఆయనకు తృప్తి ఉండటం లేదు.

"వినడం గొప్ప కాదు అన్నపూర్ణా. ఎవరైనా వింటారు. క్వాలిటీ ముఖ్యం" అన్నాడు.

నారాయణగూడ చౌరస్తా నుంచి రిక్షాలో రెండు పెద్ద స్పీకర్లు వచ్చాయి. బియ్యం డ్రమ్ము మీద ఒకటి, కుట్టుమిషను మీద ఒకటి కూర్చున్నాయి. పడగ్గదిలోని కంప్యూటరు నుంచి ప్రతి గదికీ ఒక వైరు పాకింది. ఇంట్లో ఏ మూల నిలబడ్డా పాట ఒకేలా వినపడాలని ఆయన పట్టుదల. వంటింట్లో ఆవకాయ జాడీల పక్కన ఒక బుల్లి స్పీకరు పెట్టి, భార్య వైపు ప్రేమగా చూశాడు.

"ఇది నీకోసం. నువ్వు కుర్చీలో కూర్చోవాల్సిన పని కూడా లేదు. చారుకి పోపు పెట్టుకుంటూనే వినొచ్చు."

అన్నపూర్ణకు కుర్చీ సంగతి ఎలా చెప్పాలో తెలియలేదు.

స్పీకర్లు గరగరమంటున్నాయని శనివారం టెలిఫోను లైన్‌మన్ హనుమప్పను పిలిపించాడు. హనుమప్ప స్తంభం ఎక్కాడు, దిగాడు, హాలంతా ఒకసారి తిరిగాడు.

"సార్, లైను ఫస్టు క్లాసుంది. గరగర మీ ఇంట్లకెల్లి వస్తుంది."

"మా ఇంట్లో ఏముందయ్యా?"

"గీ వైర్లే సార్. మా ఎక్స్చేంజిల గూడ ఇన్ని లెవ్వు."

ఆదివారం తెల్లారేసరికి ఇల్లు ఇంకోలా ఉంది. గోడలకు మాట తగిలి మోగకుండా బొంతలూ దుప్పట్లూ వేలాడుతున్నాయి. కిటికీలు మూసి ఉన్నాయి. గుర్రుమంటుందని ఫ్రిజ్ ఆపేశారు. టకటకమంటుందని ఫ్యాను ఆపేశారు. మే నెల. కుక్కరు కూత పాటలో కలుస్తుందని కుక్కరు నిషేధించారు. తొమ్మిదిన్నరకు పొయ్యి కూడా ఆర్పించేశాడు. సగం ఉడికిన కందిపప్పు గిన్నెలో బిర్రుగా కూర్చుని ఉంది.

ఇక ఫోను. అసలు ఫోను కింద వాటాలో ఉంటున్న ఇంటివారు రామచంద్రం గారిది. దాన్నుంచి పైకి ఒక ప్యారలల్ తీగ లాగి ఇచ్చారు. ఇంటర్నెట్టు వచ్చేదీ ఆ తీగ మీదే, అది ఉన్నంతసేపూ ఫోను ఎంగేజే. కింద ఎవరైనా రిసీవరు ఎత్తితే పైన ఇంటర్నెట్టు పుటుక్కున తెగిపోతుంది. విశ్వేశ్వరరావు రెండు రోజుల ముందే వెళ్ళి చెప్పుకున్నాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మా ఫోనుకు తాళముంది" అన్నాడు రామచంద్రం. చెప్పినట్టే ఆదివారం పొద్దున డయలుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని కూరగాయలకు నారాయణగూడ వెళ్ళాడు. తాళం డయలుకే గాని రిసీవరుకు కాదన్న సంగతి విశ్వేశ్వరరావుకు పళ్ళు తోముకుంటుండగా తట్టింది. పైగా ఆ గల్లీలో ఎవరికి ఫోను కావాలన్నా చనువుగా రామచంద్రం ఇంట్లోకి వచ్చి ముందు రిసీవరు ఎత్తి, తరవాత అడుగుతారు.

పదిహేడుసార్లు ప్రయత్నిస్తే ఎనిమిదింబావుకు లైను దొరికింది. దొరికినదాన్ని ఆయన ఇక వదల్లేదు.

"పదిన్నర దాకా ఇలాగే పట్టుకుని ఉంటాను. నువ్వు కిందికెళ్ళి ఫోను దగ్గర కూర్చో" అన్నాడు, పొయ్యి ఆర్పించిన వెంటనే.

"మరి పాట?"

"అదే, పాట కోసమే."

"నేను వినేది ఎలాగండీ?"

విశ్వేశ్వరరావు ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆపాటికి రామచంద్రం గారు వచ్చేస్తార్లే" అన్నాడు.

గుమ్మం దాటుతూ అన్నపూర్ణ ఆగింది. "తొమ్మిదింటికి మీ చెల్లెలు రింగిచ్చి ఉంటుంది. అందలేదు."

"రెండు రింగులేగా. వచ్చేవారం నాలుగిస్తుంది."

ఆ రెండు రింగుల వ్యవహారం వాళ్ళ కుటుంబంలో పదేళ్ళుగా ఉంది. అంబర్‌పేటలో ఉన్న విజయశ్రీ ప్రతి ఆదివారం తొమ్మిదింటికి రెండు రింగులిచ్చి పెట్టేస్తుంది. మేం బాగున్నాం అని అర్థం. ఇక్కణ్ణుంచి అన్నపూర్ణ రెండు రింగులిస్తుంది. మేమూ బాగున్నాం అని. ఎవరూ రిసీవరు ఎత్తరు, బిల్లు లేవదు, ప్రేమకు లోటు రాదు. కింద రామచంద్రం ఇంట్లో కూడా రెండు రింగులకు ఎవరూ కదలరు.

ఆ రోజు విజయశ్రీకి ఎంగేజ్ వచ్చింది. ఐదు నిమిషాలాగి చేసినా ఎంగేజే. తొమ్మిదిన్నరకూ ఎంగేజే. ఆ వంశంలో ఫోనులో మూడు నిమిషాలకు మించి మాట్లాడిన మనిషి లేడు. వాళ్ళ ఇంటి ఫోను అరగంట సేపు ఎంగేజ్ రావడం ఇంతకు ముందు ఒక్కసారే జరిగింది. తండ్రి పోయిన రోజున, బంధువులందరికీ కబుర్లు చెబుతున్నప్పుడు.

విజయశ్రీ నారాయణగూడలో ఉన్న బాబాయి దక్షిణామూర్తికి ఫోను చేసింది. ఆయన కూడా స్వయంగా ప్రయత్నించి చూశాడు. ఎంగేజ్.

"సందేహం లేదమ్మా. మా అన్నయ్య పోయినరోజు అచ్చం ఇలాగే వచ్చింది. నువ్వు బయల్దేరు. అశోక్ నగర్లో ఉన్న మనవాళ్ళకి నేను చెబుతాను" అన్నాడు.

దక్షిణామూర్తి ఇలాంటి సందర్భాల్లో ఆరితేరినవాడు. అటువంటి ఇంటికి వెళ్ళే పద్ధతి ఆయనకు తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. గుమ్మంలో పలకరించకూడదు. ఎవరు, ఎలా అని అడగకూడదు. లోపలికి వెళ్ళి కూర్చుని, ఎవరు కనపడటం లేదో చూసుకోవాలి.

పదీ పదికి విజయశ్రీ ఆటో దిగింది. చేతిలో స్టీలు క్యారియరు. పొయ్యి వెలగని ఇంటికి వెళుతున్నాం గదా అని ఉప్మా చేసుకుని మరీ వచ్చింది. పైకి వచ్చి చూస్తే కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు. గోడలకు బొంతలు. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. పడగ్గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని ముందు అన్నయ్య, మాసిన గడ్డంతో, చెమటతో తడిసిన బనీనుతో, పొద్దుట్నుంచి తెర వంక చూసి ఎర్రబడిన కళ్ళతో నిలబడి ఉన్నాడు. కూతురి పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. అందులో ఒకరు ఎదురుగా ఉన్నారు. లెక్క కష్టమైంది కాదు.

"అన్నయ్యా..." అని విజయశ్రీ నోరు తెరవబోయింది.

విశ్వేశ్వరరావు పెదవుల మీద వేలు పెట్టి, కూర్చోమని చాప చూపించాడు. చెల్లెల్ని చూసి ఆయనకు ముచ్చటేసింది. పాట సంగతి అన్నపూర్ణ అందరికీ చెప్పుకుందన్నమాట. చెప్పుకోదా మరి, ఎంత సంబరం. ఆ వెనకే అశోక్ నగర్ నుంచి ఆరుగురు వచ్చారు. అందరూ చెప్పులు మెట్ల మీదే విడిచి, ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి కూర్చోవడం చూసి, సంగీతం మీద తన వాళ్ళకు ఇంత గౌరవం ఉందని ఇన్నాళ్ళూ గ్రహించలేకపోయినందుకు ఆయన సిగ్గుపడ్డాడు.

దక్షిణామూర్తి ఒకసారి లోపలికి తొంగి చూసి, తల పంకించి, మళ్ళీ గేటు దగ్గరికి దిగాడు. సంచీలోంచి పంచాంగం తీసి కళ్ళజోడు సవరించుకుంటుండగా రెండు సంచుల కూరగాయలతో రామచంద్రం వచ్చాడు. మెట్ల మీది చెప్పులు చూశాడు.

"ఏంది సార్, మా ఇంట్ల ఫంక్షనా?"

"పైన అన్నపూర్ణమ్మ..." అని దక్షిణామూర్తి కళ్ళు మూసుకుని చెయ్యి ఆకాశం వైపు తిప్పాడు.

రామచంద్రం చేతిలోంచి ఒక సంచీ జారి, టమాటాలు గేటు కిందికి దొర్లాయి. "అరె భగవంతుడా! పొద్దుగాల బట్టలారేసుకుంట మాట్లాడిందిగద సార్!"

"అంతేనండీ, మనిషి. అదిగాక ధనిష్ఠ పట్టిందేమో చూస్తున్నాను. పడితే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి."

"పైన పోర్షనేగద?"

"ఇల్లంటే ఇల్లేగా." అని దక్షిణామూర్తి గంభీరంగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

రామచంద్రానికి దుఃఖమూ పరేషానూ ఒకేసారి వచ్చాయి. పూజలు చేయించే అయ్యగారిని ఫోనులో అడిగితే గాని ఈ సంగతి తేలదు. జేబులోంచి తాళంచెవి తీస్తూ లోపలి గదిలోకి పరుగెత్తాడు. ఫోను మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఫోను ఎత్తకండి రామచంద్రం గారూ" అంది పక్కన స్టూలు మీద కూర్చున్న అన్నపూర్ణ.

రామచంద్రం చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. మజ్జిగ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చిన ఆయన భార్య పద్మ భర్త వాలకం చూసి హడలిపోయింది.

"ఏమైందయ్యా? గట్ల చూస్తవేంది అక్కను?"

"ఈమె... ఈమె పోయిందట! పైన మంది కూసున్నరు."

అన్నపూర్ణ మజ్జిగ గ్లాసు అందుకుంది. అంబర్‌పేట, తొమ్మిది గంటలు, రెండు రింగులు ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. విషయం అర్థం కావడానికి ఆవిడకు సగం గ్లాసు పట్టింది.

"ఎంతమంది వచ్చారు?" అని అడిగింది.

"ఎనిమిది జతల చెప్పులున్నయమ్మా."

"టైమెంత?"

"పదీ ఇరవయ్యారు."

పద్మ లేచింది. "పా అక్కా, జల్ది పోయి చెప్పు, బతికున్ననని. పాపం, ఎంత గోస పడుతున్నరో."

అన్నపూర్ణ కదల్లేదు. ఆవిడ మొహంలో కాలేజీ రోజుల్లో తప్ప కనపడని ఒక కళ కనపడింది.

"ఇప్పుడు వెళ్ళి బతికున్నానని చెబితే ఏమవుతుంది పద్మా? ముందు ఓ ఐదు నిమిషాలు ఏడుస్తారు. ఆరో నిమిషం ఎనిమిది మందికి కాఫీ పెట్టాలి. పాట అయిపోతుంది."

పద్మకు ఈ లెక్క వెంటనే అర్థమైంది. రామచంద్రానికి కాలేదు.

"ఒక్క పావుగంట నన్ను పోనివ్వండి. తరవాత నేనే వచ్చేస్తాను" అంది అన్నపూర్ణ.

"గట్లనకు అక్కా, తథాస్తు దేవతలుంటరు" అని పద్మ లెంపలేసుకుంది. మరుక్షణం ఆవిడను లేపి తాను స్టూలు మీద కూర్చుంది. "నువ్వు పో. ఫోను కాడ నేనుంట. ఈయన కాదు, వీళ్ళయ్యొచ్చినా ఎత్తనియ్య."

"మరి ఇల్లు?" అన్నాడు రామచంద్రం నీరసంగా.

"మూయక్కర్లేదు" అంది అన్నపూర్ణ.

మెట్లెక్కి, గుమ్మానికి మూడు మెట్ల కింద, ఎనిమిది జతల చెప్పుల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. గోడకు వీపు ఆనించింది. అక్కణ్ణుంచి హాలు కనపడదు గాని చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఆ ఇంట్లో తొమ్మిది మంది ఉండి నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి.

సరిగ్గా పదిన్నరకు నాలుగు గదుల్లోంచీ గుర్రుమని ఒక శబ్దం వచ్చి, దాని వెనకనుంచి పాట మొదలైంది.

లోపల ఎవరో ఉక్కిరిబిక్కిరి అయ్యారు. పోయిన మనిషి గొంతు గోడలన్నిటి నుంచీ వస్తుంటే ఎవరికి మాత్రం కాదు? "వదినే! వదిన గొంతే!" అని విజయశ్రీ భోరుమంది. "ష్" అన్నాడు విశ్వేశ్వరరావు.

అన్నపూర్ణ కళ్ళు మూసుకుంది. గొంతు నీళ్ళ తొట్టిలోంచి వస్తున్నట్టుగా ఉంది. అయినా ఎవరో పాడుతున్నారు. కాస్త అలిసిపోయిన మనిషి. తొందరేమీ లేనట్టు, రోలు దగ్గర కూర్చున్నంత నిదానంగా పాడుతోంది. ఫరవాలేదే, బాగా పాడుతోందే అనుకుంది. ఆ మనిషి ఎవరో ఇంకాస్త తెలిస్తే బాగుండుననిపించింది.

మూడో నిమిషంలో పాట ఆగిపోయింది. విశ్వేశ్వరరావు ఊపిరి కూడా ఆగింది. "బఫరు నిండుతోంది, నిండుతోంది" అని గొణుగుతూ లోపలికీ బయటికీ తిరిగాడు. తొమ్మిది సెకన్లకు మళ్ళీ వచ్చింది. వచ్చిన చోటే ఖణీమని కుక్కరు కూసింది.

విశ్వేశ్వరరావు ఒక్క గెంతులో వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి ఆరిపోయే ఉంది. కుక్కరు అలమరలో ఉంది. ఆవకాయ జాడీల పక్కన బుల్లి స్పీకరు రెండో కూత కూసింది. అది దసరానాటి కూత. పప్పు ఉడికే లోపల పాడిన పాట మరి.

"ఆ కుక్కరు కూడా వదినదే!" అని విజయశ్రీ మరింత ఏడ్చింది.

మెట్ల మీద అన్నపూర్ణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పాట ముగిసింది. తరవాత అందరూ మాట్లాడారు. ఆ చేతి చారు ఇక తాగలేమన్నారు. ఆ కాఫీ రుచి ఇంకెక్కడా రాదన్నారు. ఎంతమంది వచ్చినా మొహం చిట్లించేది కాదన్నారు. అన్నపూర్ణ శ్రద్ధగా విన్నది. పాట గురించి ఎవరేమంటారా అని చెవి ఒగ్గింది. చివరికి దక్షిణామూర్తి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయి పాడుతుందని నాకు తెలియనే తెలియదురా విశ్వం. పాతికేళ్ళుగా వస్తూ పోతున్నానే. ఒక్కసారి పాడమని అడిగినవాణ్ణి కాను."

"అవును బాబాయ్, బాగా పాడింది. కుడివైపు స్పీకర్లో బేసు కాస్త ఎక్కువైంది గాని" అన్నాడు విశ్వేశ్వరరావు. తరవాత ఆ మొహాల వంక మొదటిసారి సరిగ్గా చూశాడు. "అదేమిటి, అందరూ అంతలా ఏడుస్తున్నారు?"

"మనసు రాయి చేసుకున్నావా అన్నయ్యా?" అంది విజయశ్రీ. "వదినను ఇంకా హాల్లోకి తీసుకురారా?"

"దానికేం, ఇప్పుడే పిలుస్తాను. అన్నపూర్ణా!" అని విశ్వేశ్వరరావు కేకేశాడు.

"వస్తున్నానండీ" అంటూ అన్నపూర్ణ గుమ్మంలోకి వచ్చింది.

ఆ తరవాతి ఐదు నిమిషాల్లో ఇద్దరు మూర్ఛపోయారు, ఒకరు బొంతతో సహా గోడ నుంచి ఊడి పడ్డారు, విజయశ్రీ వదినను వాటేసుకుని వదల్లేదు. రింగులు, ఎంగేజ్, సింగపూర్ అన్నీ ఒకదాని మీద ఒకటి బయటపడ్డాయి. విశ్వేశ్వరరావు ఫ్యాను వేశాడు. ఆరో నిమిషం వచ్చింది.

"అమ్మయ్య!" అని దక్షిణామూర్తి చెమట తుడుచుకున్నాడు. "ప్రాణం లేచొచ్చిందమ్మాయ్. ఈ కంగారులో గొంతు పిడచకట్టుకుపోయింది. అందరికీ కాస్త కాఫీ..."

అన్నపూర్ణ నింపాదిగా వెళ్ళి పేము కుర్చీలో కూర్చుంది.

"నేను పోయి పావుగంటే అయింది మామయ్య గారూ. ఇంత త్వరగా పొయ్యి ముట్టించొచ్చో లేదో, పంచాంగంలో చూసి చెప్పండి."

దక్షిణామూర్తి నిజంగానే పేజీలు తిప్పి వెతికాడు. అటువంటి సందర్భానికి ఏమీ రాసి లేదు. అందుచేత ఆ రోజు కాఫీ విజయశ్రీ పెట్టింది.

పంచదార కాస్త తక్కువైంది.